అడగని కొసరు

మొన్న రేషన్ కార్డు పనిమీద సచివాలయానికి వెళ్తే, అక్కడి అమ్మాయి తన ఫోన్‌ను నా మొహానికి ఎదురుగా పెట్టి కళ్లు ఒకసారి మూసి తెరవమంది. మూసి తెరిచాను. అయిపోయింది, లేవమంది. నేను లేవలేదు. వెనక నిలబడినవాళ్లు దగ్గితే గాని నాకు తెలివి రాలేదు. గడ్డం కొంచెం దించమని ఎవరో చెబుతారని కాచుకుని కూర్చున్నాను.

ఆ మాట చెప్పే మనిషి ఇప్పుడు కుప్పంలో మట్టి కింద ఉన్నాడు.

ఆయన పేరు నా దగ్గర అద్దె కాగితం మీద ఉంది. ఆ పేరుతో ఒక్కరోజూ పిలవలేదు. పుంగనూరులో ముప్ఫై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినందువల్ల అక్కడ ఊరంతా స్టూడియో సాయిబు అనేవాళ్లు. మదనపల్లెలో మా ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాక మా వీధివాళ్లూ అదే అన్నారు, నేనూ అదే అన్నాను. యాభై ఐదేళ్లుంటాయి. సన్నగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎప్పుడూ ఎవరో పిలిస్తే లేచి వెళ్లేవాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు.

ఎవరితో మాట్లాడినా ఆయన ముందు మాట వినడు, మొహం చూస్తాడు. తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను సగం మూసి చూస్తాడు. పాలు పోసే ఆమెను అలాగే చూస్తాడు, గ్యాసు బండ తెచ్చినవాణ్ణి అలాగే చూస్తాడు. ఒకరోజు పొద్దున స్నానాల గదిలో లైటు ఆర్పలేదని నేను వాకిట్లో నిలబడి తిడుతున్నాను. నేను ఒకసారి మొదలుపెడితే తొందరగా ఆపే మనిషిని కాను. అంతా విని, "అమ్మా, ఇప్పుడు మీ మొహంమీద ఎండ బాగుండాది. గడ్డం కొంచెం దించితే ఇంకా బాగుంటాది" అన్నాడు. నేను తిట్టడం మరిచిపోయి గడ్డం దించాను.

ఫోన్లు వచ్చాక స్టూడియోకు జనం రావడం తగ్గిపోయింది. అంగడి సొంతదారుడు ఆ గదిని సెల్‌ఫోన్లు అమ్మేవాళ్లకు ఇచ్చుకున్నాడు. భార్య అంతకుముందే పోయింది. ఉన్న ఒక్క కూతురిని కుప్పంలో ఇచ్చాడు. అల్లుడికి చెప్పుల అంగడి ఉంది. మంచివాడే, వచ్చి గల్లా దగ్గర కూర్చోండి మామా అని ఎన్నోసార్లు పిలిచాడట. ఈయన పోలేదు. కంప్యూటర్‌లో ఒక సంత ఉందనీ, అన్ని దేశాలవాళ్లూ తమకు కావలసిన పని అక్కడ రాసిపెడతారనీ, చిరిగిన ఫోటోలు, తడిసిన ఫోటోలు బాగుచేయించుకునేవాళ్లు అందులో బోలెడుమంది ఉంటారనీ వీడియోలు చూసి తెలుసుకున్నాడు. పుంగనూరులో అయితే అంగడి పోయినవాడు అని చూస్తారని మా ఊరు వచ్చాడు. గది చూసుకోవడానికి వచ్చిన రోజే నాకు సంగతి చెప్పేశాడు.

"రంజాన్ దాకా చూస్తానని నా బిడ్డకు మాటిచ్చినానమ్మా. పని కుదిరితే ఈడే ఉంటా. కుదరకపోతే కుప్పం పోతా. చేతిలో పని పెట్టుకోని అల్లుడింట్లో కూసోని తినేదెట్ల?"

అప్పటికి దసరా అయి పది రోజులు. ఆయన చేతిలో ఉన్నది అయిదు నెలలు.

గదిలో ఆయన చేసిన మొదటి పని నాకు నవ్వు తెప్పించింది. స్టూడియోలో జనం కూర్చునే చెక్కబెంచీని ఆటోలో తెచ్చి గోడవార వేశాడు. కంప్యూటర్‌లో చేసే పనికి ఎవరూ ఇంటికి రారు కదా, బెంచీ ఎందుకు, చోటు దండగ అన్నాను. అది లేకపోతే అంగడిలా ఉండదన్నాడు. పొద్దున తొమ్మిదికి గది ఊడ్చి, సాంబ్రాణి వేసి, ఆ పొగ కంప్యూటర్ చుట్టూ తిప్పి అప్పుడు మీట నొక్కేవాడు. ఒంటిగంటకు కట్టేసి అన్నం తిని మళ్లీ మూడుకు తెరిచేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే అంగట్లో ఉన్నానని చెప్పేవాడు.

ఇంకొక అలవాటు. పాత రోజుల్లో ఫోటోలమీద సన్న కుంచెతో దిద్దేవాళ్లు, దాన్ని టచింగ్ అంటారు. కుంచె కొన పదును కావడానికి నోటితో తడి చేసుకునేవాళ్లట. ఇప్పుడు కుంచె లేదు, చేతి కింద మౌస్ ఉంది. అయినా ప్రతిసారీ చూపుడువేలు పెదవికి తాకించుకుని గాని మౌస్ నొక్కేవాడు కాదు.

ఆ సంతలో చేరేటప్పుడు మన ఫోటో పెట్టాలట. ఊళ్లో అందరి ఫోటోలూ తీసిన మనిషికి తన ఫోటో ఒక్కటీ లేదు. కెమెరా నా చేతికిచ్చి నొక్కమన్నాడు. నేను నాలుగో తరగతితో బడి మానేసిన దాన్ని, పైగా అంత ఖరీదైన వస్తువు ఎప్పుడూ ముట్టుకోలేదు. రెండుసార్లు గోడ పడింది, ఒకసారి నా వేలు పడింది. నాలుగోసారి ఆయన బెంచీ మీద బిగుసుకుని కూర్చుని, "గడ్డం దించమని మీరు చెప్పాలమ్మా, తీసేవాళ్లు చెప్పకపోతే కూసున్నోళ్లకు తెలీదు" అన్నాడు. చెప్పాను. అది బాగా వచ్చింది.

మొదట్లో పని దొరకలేదు. టమోటా మార్కెట్ గేటు దగ్గర పొద్దున్నే హమాలీలు నిలబడి ఉంటారు, మేస్త్రీ వచ్చి ఇద్దరిని ఏరుకుని పోతాడు, మిగిలినవాళ్లు అలాగే నిలబడి ఉంటారు. ఈ పనీ అంతే. ఎవరో పని ఉందని రాస్తే వందమంది మేము చేస్తామంటూ అర్జీ పెట్టుకుంటారు. ఇంతకుముందు పని చేయించుకున్నవాళ్లు ఎన్ని నక్షత్రాలు వేశారో చూసి పిలుస్తారు. నక్షత్రాలు లేనివాణ్ణి ఎవరూ పిలవరు, పిలవకపోతే నక్షత్రాలు రావు. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్‌తో తెలుగులో చెబితే అది ఇంగ్లీషులో రాసేది. జవాబు వస్తే ఫోనే తెలుగులో చదివి వినిపించేది. బస్టాండులో బస్సులు చెప్పే ఆడగొంతు లాంటి గొంతు. సంతోషం, దుఃఖం ఏదీ లేకుండా అన్నీ ఒక్కలాగే చెబుతుంది.

నెలన్నరకు ఒక పని వచ్చింది. ఎవరి తాతదో, పాత పటం, నడిమికి మడతపడి తెల్లగా గీత వచ్చింది. పని ముగించే ముందు నా దగ్గరికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. నేను పెళ్లయిన నాటినుంచి మోకాళ్లు పోయేదాకా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మాను. వచ్చినవాళ్లు మళ్లీ మన దగ్గరికే రావాలంటే ఏం చేయాలమ్మా అని అడిగాడు.

"కొసరు వెయ్యాల" అన్నాను. "వాళ్లు అడిగేదానికి ముందే వెయ్యాల. అడిగినాక వేస్తే అది కొసరు కాదు, బేరం. నేను కట్ట మింద నాలుగు కొత్తిమీర రెమ్మలు పెట్టి ఇస్తా ఉంటి. రేపు ఇంకో గంప పక్క చూడరు."

ఆయన పోయి ఆ తాత కోటుకు తెగిపోయిన గుండీ ఒకటి పెట్టి పంపాడు. అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఆ సాయంత్రం మైసూర్‌పాక్ తెస్తే, నక్షత్రాలను చూసి మైసూర్‌పాక్ తెచ్చుకుంటే రేపు తినేదేమని కసిరాను. కసిరి రెండు ముక్కలు తిన్నాను. తర్వాత మూడు పనులు వచ్చాయి. ఒకదానిలో చంటిబిడ్డ కళ్లు మూసి ఉంటే తెరిచాడు. ఇంకోదానిలో వెలిసిపోయిన చీరకో గౌనుకో రంగు వేశాడు. అన్నింటికీ అయిదు నక్షత్రాలే. "మీ కొసరు పని చేస్తాండాదమ్మా" అని నాతో అన్నాడు. కూతురికి ఫోన్‌లో, ఇక రావడం ఉండదులే అని చెప్పడం కూడా విన్నాను. ఆ రోజు ఆయన గదిలో పట్టపగలు లైటు వెలుగుతున్నా నేను నోరెత్తలేదు. నా వరకు అది పెద్ద మెచ్చుకోలు.

అయిదో పని ఒక ఆడమనిషిది. ఏ దేశమో నాకు గుర్తులేదు. తన తల్లి ఫోటో పంపింది. నలభై ఏళ్ల మనిషి, కుర్చీలో కూర్చుని పళ్లు కనిపించేలా నవ్వుతోంది. ఫోటో అడ్డంగా రెండు చోట్ల చిరిగింది, కింద తడి మరక. చిరిగినవి కలపండి, మరక తీయండి అని మాత్రం రాసింది. సాయిబు నన్ను పిలిచాడు. నేను కళ్లజోడు తెచ్చుకుని వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ మీద కూర్చున్న గిరాకీని నేనొక్కదాన్నే.

మొహం పెద్దది చేసి చూపించాడు. పై పెదవి నుంచి చెంప మీదకు ఒక గీత ఉంది.

"ఇది చినుగు కాదమ్మా. చినుగైతే కాగితం పీచు కనపడాల. ఇది ఆమె మొహంమీద మచ్చే. కూతురు దీని మాట ఏమీ రాయలా. అడిగి చూస్తామా?"

నేను ఆలోచించలేదు. అది రాయడానికే ఇదంతా రాస్తున్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"మీయమ్మ మొహంమీద మచ్చ ఉండాది, తీసేదా అని కూతుర్ని అడగతావా? ఆమెకు మనసు నొచ్చుకోదా? అట్లాంటివి అడగరు సాయిబూ. తీసేయి. చూసి సంతోషపడతాది."

ఆయన తల ఊపాడు. పుంగనూరులో అయితే తానూ అడిగేవాణ్ణి కాదులే అన్నాడు. అక్కడ ఆయన పనే అది. అమ్మవారు పోసిన మచ్చలున్న పిల్లకు పెళ్లి ఫోటోలో నున్నని మొహం ఇవ్వాలి. పోయినవాళ్లకు బతికినన్నాళ్లూ తొడుక్కోని కోటు తొడగాలి, కాస్త తెల్లగా చేయాలి. చేయకపోతే ఇంటివాళ్లు తిట్టి పోయేవాళ్లు. వేలు పెదవికి తాకించుకుని మొదలుపెట్టాడు. సాయంత్రం నమాజుకు ముందే అయిపోయింది. మచ్చ ఉన్నచోటు ఎక్కడో నేను వెతికినా కనపడలేదు. బాగుంది అన్నాను.

మరుసటి రోజు అన్నం వేళకు జవాబు వచ్చింది. నన్ను పిలిచి ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాడు. ఆ బస్టాండు గొంతు చెప్పింది: "చిరిగిన చోట్లు బాగా కలిపారు. కానీ ఈమె మా అమ్మ కాదు. మా అమ్మ పెదవి పక్కన ఉన్న గీత ఎక్కడ. చిన్నప్పుడు నేను దాని మీద వేలు పెట్టుకుని నిద్రపోయేదాన్ని. ఆమె చనిపోయింది. ఉన్న ఒక్క ఫోటోలో నుంచి కూడా మీరు ఆమెను తీసేశారు."

ఇంకోసారి నొక్కి విన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. అందంగా చేసి ఇస్తే ఏడుపెందుకు, ఇట్లాంటి మనుషులకు ఎంత చేసినా ఇంతే అన్నాను.

"లేదమ్మా" అన్నాడు. "ఆమె చెప్పేది నిజం."

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. పాత ఫోటో చూస్తూ ఆ గీతను మళ్లీ పెట్టాడు. తీసేటప్పుడు గంట పట్టలేదు, పెట్టడానికి సాయంత్రమైంది. క్షమించమని రాసి పంపాడు. ఆమె తీసుకున్నట్టు రాసింది, అంతే. వేసిన నక్షత్రం మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకే నక్షత్రం. దాని కింద, అడగకుండా మా అమ్మ ముఖం మార్చాడు అని ఒక ముక్క. ఆయన పేరు చూసేవాళ్లకు మొదట కనిపించేది అదే.

తర్వాత పని రాలేదు. రోజూ తొమ్మిదికి సాంబ్రాణి వేశాడు, అర్జీలు పెట్టాడు, ఒంటిగంటకు కట్టేశాడు, మూడుకు తెరిచాడు. నేను గది ముందు నుంచి పోయినప్పుడల్లా ఆ వీపు కనిపించేది. మునుపటిలా నన్ను పిలిచి ఫోటోలు చూపించలేదు. ఇంకొకటి గమనించడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆయన ఎవరి మొహమూ చూడడం లేదు. నాతో మాట్లాడినా నా భుజం వంక చూసి మాట్లాడేవాడు. గడ్డం దించమని మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

మచ్చ తీయమన్నది నేను. ఆ మాట ఆయన నాతో ఒక్కసారీ అనలేదు. అంటాడేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. అంటే గట్టిగా పోట్లాడేదాన్ని, పని తెలిసినవాడివి నువ్వా నేనా అని అడిగేదాన్ని. ఆ పోట్లాటలో ఎక్కడో ఒకచోట నా తప్పు ఒప్పుకునేదాన్నేమో. ఆయన అనలేదు కాబట్టి నేనూ అనలేదు. ఇల్లు నడిపే ఆడది తప్పు ఒప్పుకుంటే లోకువవుతుందని నా మెదడులో ఎప్పుడు పడిందో, అది అక్కడే ఉండిపోయింది.

రంజాన్ వచ్చింది. పండుగ రోజు గిన్నెలో సేమియా పాయసం తెచ్చి ఇచ్చాడు. మర్నాడు పొద్దున కంప్యూటర్‌ను దుప్పటిలో మూటకట్టి, పెట్టె సర్దుకుని గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బెంచీ మీరే ఉంచుకోండి అన్నాడు. "వస్తానమ్మా" అన్నాడు. అని వెంటనే కదల్లేదు. అంతసేపు నిలబడిన మనిషికి నేను ఏదో ఒకటి చెప్పాలి. ఇంకో రెండు నెలలు ఉండి చూడు సాయిబూ, ఆ తప్పు నీది కాదు అని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది.

"ఫ్యాన్ ఆపినావా?" అన్నాను.

వెనక్కి పోయి చూసి వచ్చి, ఆపినానమ్మా అన్నాడు. ఆటో ఎక్కాడు.

నాలుగు నెలల తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది. చెప్పుల అంగట్లో గల్లా దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. అప్పటికే మట్టిలో పెట్టేశారు. వారానికి నేను కుప్పం వెళ్లాను. నేను బస్సు ఖర్చు పెట్టుకుని ఎవరింటికీ పోయే మనిషిని కాను. ఎందుకు పోతున్నానో బస్సులో కూర్చున్నాక తెలిసింది.

కూతురు వాళ్ల నాన్న పోలికే. టీ ఇచ్చి ఎదురుగా కింద కూర్చుంది. దుప్పటి మూట గది మూలలో విప్పకుండానే ఉంది. కుప్పం వచ్చాక కంప్యూటర్ ముట్టుకోలేదని చెప్పింది. అంగట్లో గిరాకీ లేనప్పుడు స్టూడియో నాటి నెగటివ్‌లు వెలుతురుకు పెట్టి చూసేవాడట. ఈమెకు ఇక్కడ పుట్టుమచ్చ ఉండె తీసేసినా, ఈయనకు నుదుటిమీద దెబ్బ ఉండె చెరిపేసినా అని ఒక్కొక్కరినీ చెప్పుకునేవాడట. పుంగనూరు పోయి వాళ్లందరికీ చెప్పి రావాలి అనేవాడట.

"ముప్పై ఏండ్లు మనుషుల మొగాలు చెరిపే పని చేసినా అనేవాడమ్మా. నాకు కోపం వచ్చేది. ఆ మచ్చ తీసేటప్పుడు నాకొక ఫోన్ చేసింటే నేను వద్దంటా ఉంటి. ఎవుర్నీ అడక్కుండా చేసుకున్యావు కదా అని తిట్టినా. ఎన్నిసార్లు తిట్టినానో."

"తిడితే ఏమన్యాడు?"

"అవును, ఎవుర్నీ అడగలా అన్యాడు."

నా చేతిలో టీ చల్లారిపోయింది. కింద పెట్టాను.

"అడిగినాడమ్మా" అన్నాను. "నన్ను అడిగినాడు. ఆమెను కనుక్కుంటామా అని కూడా అన్యాడు. వద్దు, తీసేయమని నేనే చెప్పినా."

ఆమె నా వంక చూసింది. తల కొంచెం పక్కకు వంచి, వాళ్ల నాన్న చూసినట్టే చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఈ మాట మీరు ఆడ ఉన్నప్పుడే మా నాయనతో అనింటే" అంది. నేను వెళ్లేటప్పుడు దారికి ఉంటుందని సీసాలో నీళ్లు పట్టి ఇచ్చింది.

మదనపల్లె బస్సు పలమనేరు దాటేసరికి ఎండ వాలింది. పుంగనూరు బస్టాండులో ఆగింది. జనం దిగారు, ఎక్కారు. ఇక్కడ దిగి నాలుగు అడుగులు వేస్తే ఆయన అంగడి ఉండిన వీధి. నేను దిగలేదు. కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుని ఉన్నాను. నా నోట్లో నుంచి మాట దానంతటదే వచ్చింది, మామూలుగా మనిషి ఎదురుగా ఉంటే చెప్పినంత గట్టిగానే వచ్చింది.

"తప్పు నాది సాయిబూ. పోవద్దు, ఉండు."

అప్పుడే బస్సెక్కి నా పక్క సీటు దగ్గర నిలబడిన ఒక ఆడమనిషి, చంకలో సంచీతో, కూర్చోబోయి ఆగిపోయింది.

"నన్నా అవ్వా అంటాండేది?" అంది.

"నిన్ను కాదులేమ్మా" అన్నాను. కిటికీ వైపు జరిగి ఆమెకు చోటిచ్చాను.